టీబీ దవాఖాన కొండకు వెల్‌నెస్ రిసార్ట్: అనంతగిరి ‘ఆరోగ్యం’ ఎక్కడి నుంచి వచ్చింది?

క్లుప్తంగా: వికారాబాద్ పక్కనున్న అనంతగిరికి ఆరోగ్య విడిదిగా పేరు రావడానికి కొండ గాలి మహత్తు కన్నా, క్షయకు మందు లేని కాలంలో వైద్యం నడిచిన పద్ధతే ఎక్కువ కారణం. మందు వచ్చాక ఆ పేరు మసకబారింది. ఇప్పుడు అక్కడ వ్యాపారానికి పనికొస్తున్నవి అడవి నీడ, ఊట నీళ్లు, ప్రశాంతత. జనం పెరిగేకొద్దీ ఈ మూడూ తరుగుతాయి. అందుకే కొత్త ప్రాజెక్టుల్లో పెట్టుబడి ఎంతన్న దానికంటే నీళ్ల లెక్క ఏమిటన్నదే ముందు తేలాలి.

2025 జనవరిలో దావోస్ సదస్సులో తెలంగాణ ప్రభుత్వం చేసుకున్న ఒప్పందాల్లో అనంతగిరి పేరు కూడా ఉంది. అక్కడ రూ.1,000 కోట్లతో లగ్జరీ వెల్‌నెస్ రిసార్ట్ కడతారన్నది దాని సారాంశం. అంతకుముందే కేంద్ర పర్యాటక శాఖ స్వదేశ్ దర్శన్ 2.0 పథకం కింద అనంతగిరి అడవిలో ఎకో టూరిజం పనులకు రూ.38 కోట్ల ప్రాజెక్టు మంజూరు చేసింది. దీంతో హైదరాబాద్ వాళ్లకు వీకెండ్ స్పాట్‌గా మాత్రమే తెలిసిన ఈ కొండ గురించి పాలమూరు, నల్లగొండ వైపు కూడా చర్చ మొదలైంది.

పాత తరానికి మాత్రం అనంతగిరి అంటే టీబీ దవాఖాన. ఇంట్లో ఎవరికైనా దగ్గులో రక్తం పడితే గుసగుసగా వినిపించే పేరు. నిజాం పాలన చివరి ఏళ్లలో, 1940లలో, ఆ అడవిలో క్షయ రోగుల కోసం శానటోరియం, అంటే రోగులు నెలల తరబడి ఉండి వైద్యం చేయించుకునే ఆస్పత్రి, వెలిసింది. ఒకప్పుడు జనం పేరెత్తడానికే జంకిన చోటికి ఇప్పుడు డబ్బులు కట్టి ఆరోగ్యం కోసం వెళ్లమనడం వింతగా అనిపించవచ్చు. కానీ ఇది అనంతగిరిలోనే మొదటిసారి జరుగుతున్నది కాదు. ఒప్పందం మీద సంతకాలు జరిగిన దావోస్ కూడా ఒకప్పుడు క్షయ రోగుల ఊరే.

నీళ్లు అమ్మిన ఊళ్లు, గాలి అమ్మిన ఊళ్లు

ఐరోపాలో ఆరోగ్యం పేరుతో ఎదిగిన పట్టణాలు రెండు రకాలు. మొదటి రకానికి ఆధారం భూమిలోంచి వచ్చే వేడి నీళ్లు లేదా ఖనిజాలు కలిసిన నీళ్లు. ఇంగ్లండ్‌లోని బాత్, ఫ్రాన్స్‌లోని విషీ, చెక్ దేశంలోని కార్లోవీ వారీ ఇలాంటివి. 19వ శతాబ్దంలో రాజులు, జమీందార్లు, పెద్ద ఉద్యోగులు వారాల తరబడి అక్కడ ఉండి, డాక్టర్ రాసిచ్చిన లెక్క ప్రకారం నీళ్లు తాగేవాళ్లు, అందులో మునిగేవాళ్లు. సాయంత్రాలకు సంగీతం, జూదశాల, పొడవాటి వరండాల్లో నడక. ఈ తరహా పట్టణాల్లో పదకొండింటిని కలిపి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

రెండో రకం ఊళ్లకు వేడి నీళ్లు అవసరం లేదు. వాటి సరుకు గాలి. 1850లలో హెర్మన్ బ్రెహ్మర్ అనే జర్మన్ డాక్టర్, ఇప్పుడు పోలండ్‌లో ఉన్న ఒక అడవి లోయలో క్షయ రోగుల కోసం ప్రత్యేక ఆస్పత్రి నడపడం మొదలుపెట్టాడు. శానటోరియం అన్న పద్ధతికి అదే మొదలు. ఇంచుమించు అదే కాలంలో అలెగ్జాండర్ స్పెంగ్లర్ అనే మరో డాక్టర్ దావోస్ చేరి, ఆ ఎత్తైన లోయలో ఉండేవాళ్లకు క్షయ పెద్దగా రావడం లేదని గమనించాడు. తర్వాతి యాభై ఏళ్లలో ఆ పల్లె ఐరోపా మొత్తానికీ క్షయ ఆస్పత్రుల కేంద్రమైంది.

మన దగ్గర మొదటి రకం పట్టణం ఒక్కటీ ఎదగలేదు. గోదావరి లోయలో మణుగూరు, భద్రాచలం వైపు వేడి నీటి ఊటలు ఉన్నా అవి ఊళ్లుగా మారలేదు. రెండో రకం మాత్రం వచ్చింది. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం మొదలైంది. హైదరాబాద్ సంస్థానానికి ఆ పని అనంతగిరి చేసింది.

ఇక్కడి నీరు మందు ఎందుకు కాలేదు?

దీనికి జవాబు రాళ్లలో ఉంది. అనంతగిరి కొండల అడుగున ఉన్నది దక్కన్ నల్లరాయి, అంటే ఎప్పుడో లావా పారి గడ్డకట్టిన బసాల్ట్. దాని పైపొర వేల వేల ఏళ్ల వానకు, ఎండకు మారి ఎర్రటి లాటరైట్ అయింది. వికారాబాద్ చుట్టుపక్కల చేలల్లో కనిపించే ఆ చిల్లుల చిల్లుల ఎర్రరాయి అదే. వాన పడితే లాటరైట్ స్పాంజిలా నీళ్లు పట్టుకుంటుంది. కింద గట్టి బసాల్ట్ తగిలాక నీళ్లు ఇంకా లోతుకు దిగడం కష్టం కాబట్టి పక్కకు జారి, కొండ అంచుల్లో ఊటగా బయటికొస్తాయి. వికారాబాద్ దగ్గరి బుగ్గ రామలింగేశ్వరాలయం ఊట పుట్టేది ఇలాంటి ఏర్పాటులోనే. మూసీ కూడా ఈ కొండల్లోనే మొదలవుతుంది.

ఇలా వచ్చే నీరు భూమి లోతుల్లోకి వెళ్లి వచ్చింది కాదు. నిన్నమొన్నటి వాన నీరు, పైపొరల్లో తిరిగి వచ్చింది. అందుకే వేడెక్కదు, ఖనిజాలూ పెద్దగా కరగవు. తాగడానికి హాయిగా ఉంటుంది. మందు అని చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

ఖనిజాలు దండిగా ఉన్న నీళ్లు దక్షిణ తెలంగాణలో లేవా అంటే, ఉన్నాయి. వాటిని ఎవరూ స్పా అనరు. నల్లగొండ జిల్లా గ్రానైట్‌లో బయోటైట్, అపటైట్ లాంటి ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఉంటాయి. భూగర్భ జలంలో బైకార్బొనేట్ ఎక్కువై, కాల్షియం తక్కువైనప్పుడు ఫ్లోరైడ్ తేలిగ్గా కరిగి నీళ్లలోనే ఉండిపోతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు చూడొచ్చని మన ప్రమాణాలు చెబుతాయి. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో బోరు నీళ్లు ఏళ్ల తరబడి ఈ హద్దును దాటే ఉండేవి. వంకర కాళ్లు, బిగిసిపోయిన వెన్నెముకలు దాని ఫలితమే.

ఇక్కడ విషీతో పోలిక కళ్లు తెరిపిస్తుంది. అక్కడి పేరున్న ఊటల నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ, ఫ్లోరైడ్ కూడా ఎక్కువే. మూడు వారాలు తాగి ఇంటికెళ్లిన వాళ్లకు ఏమీ కాలేదు. అదే ప్రాంతపు సీసా నీళ్లను ఏళ్ల తరబడి రోజూ తాగిన కొందరిలో ఎముకల ఫ్లోరోసిస్ బయటపడినట్టు ఫ్రెంచ్ డాక్టర్లు వైద్య పత్రికల్లో రాశారు. రసాయనం ఒకటే. ఒకచోట సెలవుల్లో తాగే నీళ్లు, ఇంకోచోట పుట్టిన నాటి నుంచీ వేరే దిక్కులేక తాగే నీళ్లు. ఖనిజాల నీటికి మహిమ అంటగట్టే ముందు ఎంత, ఎన్నాళ్లు అన్న రెండు ప్రశ్నలు వేసుకోవాలని నల్లగొండ వాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

గాలి మందైన కాలం

క్షయకు మందు లేనప్పుడు డాక్టర్ చేతిలో ఉన్నవి మూడే: విశ్రాంతి, బలమైన తిండి, గాలి వెలుతురు. రోగిని నెలల పాటు, కొన్నిసార్లు ఏళ్ల పాటు మంచం మీద ఉంచేవాళ్లు. పాలు, గుడ్లు, మాంసం పెట్టేవాళ్లు. మంచాలను వరండాలోకి జరిపేవాళ్లు. కొందరికి జబ్బుపడిన ఊపిరితిత్తి చుట్టూ ఛాతీలోకి గాలి ఎక్కించి దాన్ని ముడుచుకునేలా చేసేవాళ్లు, అదీ విశ్రాంతి ఇవ్వడంలో భాగమే అనుకునేవాళ్లు. శానటోరియానికి ఇంకో పని కూడా ఉంది, దాన్ని అంత బాహాటంగా చెప్పేవాళ్లు కాదు. రోగిని ఊరి నుంచి, ఇంటి నుంచి దూరంగా ఉంచడం.

ఈ పనికి అనంతగిరి సరిగ్గా సరిపోయింది. 1874లోనే సికింద్రాబాద్ నుంచి వాడి వరకు రైలు మార్గం పడింది, వికారాబాద్ దాని మీదే ఉంది. తర్వాత బీదర్, పర్లి వైపు లైను చీలే జంక్షన్ అయింది. అంటే సంస్థానంలో ఏ మూల నుంచైనా రోగిని రైల్లో తెచ్చి, అక్కడి నుంచి కొద్ది మైళ్లు కొండెక్కిస్తే చాలు. అడవి ఉంది, ఊరికి ఎడం ఉంది, ఊట నీళ్లు ఉన్నాయి. అనంత పద్మనాభ స్వామి గుడి వల్ల ఆ కొండకు జనంలో ముందే పేరు ఉంది. మొక్కులు, జాతరలు అప్పటికే నడుస్తున్నాయి.

నల్లమలలోని ఫరహాబాద్‌తో పోల్చి చూస్తే రైలు విలువ తెలుస్తుంది. మన్ననూరు పైన, అమ్రాబాద్ పీఠభూమి మీద ఉన్న ఆ చోటు కూడా నిజాం కాలంలో వేట విడిదిగా, వేసవి విడిదిగా వాడుకున్నదే. చల్లదనంలో, అడవి దట్టంలో అనంతగిరి దాని ముందు నిలవదు. కానీ దరిదాపుల్లో రైలు లేదు, మలేరియా భయం ఉంది. అది దొరల విడిదిగానే మిగిలిపోయి, చివరికి పులుల అభయారణ్యంలో భాగమైంది. ఆరోగ్య విడిది ఎక్కడ వెలుస్తుందో ప్రకృతి సగమే నిర్ణయిస్తుంది, మిగతా సగం రవాణా నిర్ణయిస్తుంది.

ఇక గాలి సంగతి. ఎత్తు పెరిగేకొద్దీ కిలోమీటరుకు సగటున 6.5 డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. దావోస్ ఎత్తు సుమారు 1,560 మీటర్లు, ఊటీ సుమారు 2,240 మీటర్లు. వికారాబాద్ హైదరాబాద్ కంటే వంద మీటర్లకు కాస్త పైగా ఎత్తులో ఉంటుంది. అంటే ఎత్తు వల్ల వచ్చే తేడా ఒక డిగ్రీకి అటూఇటూ. ‘తెలంగాణ ఊటీ’ అని యూట్యూబ్ వీడియోలు పెట్టే శీర్షికలను ఈ ఒక్క లెక్క పడగొడుతుంది. అనంతగిరిలో చల్లగా ఉండటం నిజమే. అది చెట్ల నీడ వల్ల, ఆకులు వదిలే తేమ వల్ల, పగలంతా వేడి పీల్చి రాత్రి వదిలే కాంక్రీటు లేకపోవడం వల్ల. ఎత్తు వల్ల వచ్చిన చల్లదనాన్ని ఎవరూ పోగొట్టలేరు. అడవి వల్ల వచ్చిన చల్లదనం అడవి ఉన్నంతకాలమే.

మద్రాసులో తేలిన లెక్క

కాలం విషయంలో అనంతగిరికి అదృష్టం కలిసిరాలేదు. క్షయ మీద పనిచేసిన మొదటి యాంటీబయాటిక్ స్ట్రెప్టోమైసిన్‌ను అమెరికాలో 1943లో కనుక్కున్నారు. 1952కల్లా ఐసోనియాజిడ్ వచ్చింది. సంస్థానంలో శానటోరియం గోడలు లేస్తున్నప్పటికే వాటి అవసరం తీర్చేసే మందు ప్రయోగశాల దాటింది.

అయినా మందు వచ్చిన వెంటనే శానటోరియాలు మూతపడలేదు. మందు ఇచ్చినా రోగి మంచం మీద, మంచి తిండితో, కొండ గాలిలో ఉండాల్సిందే అని డాక్టర్లు గట్టిగా నమ్మారు. ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టిన చోటు మద్రాసు. 1956లో భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం కలిసి అక్కడ ఒక కేంద్రాన్ని మొదలుపెట్టాయి. రోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపు శానటోరియంలో, రెండో గుంపు తమ ఇరుకిళ్లలోనే. ఇద్దరికీ ఏడాది పాటు అవే మాత్రలు. ఇళ్లలో ఉన్నవాళ్లు పేదలు, వాళ్ల తిండి అంతంత మాత్రం, చాలామంది పనికీ వెళ్లేవాళ్లు. 1959లో వెలువడిన ఫలితాల్లో రెండు గుంపులూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. ఇంట్లో ఉన్న రోగి వల్ల కుటుంబ సభ్యులకు అదనంగా జబ్బు సోకినట్టూ కనిపించలేదు.

దీని ప్రభావం మద్రాసుతో ఆగలేదు. ప్రపంచమంతటా క్షయ వైద్యం పడకల నుంచి ఇళ్లకు మారింది. 1962లో మొదలైన మన జాతీయ క్షయ నియంత్రణ కార్యక్రమం కూడా ఇంటి దగ్గరి వైద్యం మీదే నిలబడింది. ఇప్పుడు మామూలు క్షయకు ఆరు నెలల మాత్రలు చాలు. పాలమూరు రోగి ఊళ్లోనే ఉండి కోర్సు పూర్తి చేస్తాడు, అనంతగిరి కొండెక్కే పని లేదు.

పాత శానటోరియం వైద్యంలో అంతా వట్టిదే అనుకుంటే అదీ పొరపాటే. గాలి వెలుతురు ఉన్న గదిలో క్షయ క్రిములు ఇతరులకు సోకే అవకాశం తగ్గుతుంది, అది ఇప్పటికీ నిలిచిన మాటే. తిండి విషయంలో ఆధారం ఇంకా గట్టిగా ఉంది. జార్ఖండ్‌లో క్షయ రోగుల కుటుంబాలకు అదనపు ఆహారం ఇచ్చి చేసిన రేషన్స్ అధ్యయనం 2023లో వెలువడింది. ఆహారం అందిన ఇళ్లలో మిగతావాళ్లకు కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. రోగులకు నెలనెలా ఇచ్చే నిక్షయ్ పోషణ్ సాయాన్ని 2024 చివర్లో రూ.500 నుంచి రూ.1,000కి పెంచడం వెనక ఉన్న ఆలోచన కూడా తిండి గురించే. శానటోరియం పెట్టిన మూడింటిలో కాలపరీక్షకు బాగా నిలిచింది పళ్లెం. ప్రచారం పొందింది మాత్రం కొండ గాలి.

ఖాళీ అయిన ఊళ్ల దారులు

వైద్యం మారినప్పుడు ఆరోగ్య పట్టణాలు ఏమవుతాయో చూడటానికి మూడు ఊళ్లు చాలు.

విషీ సగం నిలబడింది. వలస దేశాల్లో పనిచేసే ఫ్రెంచ్ అధికారులు కాలేయం బాగు చేసుకోవడానికి ఏటా అక్కడికి వచ్చేవాళ్లు. 1960లలో ఆ వలస దేశాలు స్వతంత్రం కావడంతో ఆ గిరాకీ పోయింది. అయినా ఊరు చావకపోవడానికి కారణం ఫ్రాన్స్ సామాజిక బీమా. డాక్టర్ రాసిస్తే మూడు వారాల ఊట నీటి చికిత్స ఖర్చులో పెద్ద భాగం ఆ బీమా ఇప్పటికీ భరిస్తుంది.

దావోస్ సరుకు మార్చింది. స్ట్రెప్టోమైసిన్ తర్వాత శానటోరియాలు హోటళ్లయ్యాయి, రోగుల వరండాలు స్కీయింగ్‌కు వచ్చినవాళ్ల బాల్కనీలయ్యాయి. 1971 నుంచి ఏటా జరిగే ప్రపంచ ఆర్థిక సదస్సు దాని కొత్త ముఖం. మంచు, ఎత్తు, స్విస్ రైళ్లు ఉన్నాయి కాబట్టి అది సాధ్యమైంది.

మూడోది రుమేనియాలోని బైలే హెర్కులానే. చెర్నా నది ఒడ్డున, దట్టమైన అడవి లోయలో ఉన్న ఈ ఊరికి రోమన్ల కాలం నుంచీ వేడి గంధకపు ఊటలు ఉన్నాయి. 19వ శతాబ్దంలో ఆస్ట్రియా చక్రవర్తులు అక్కడ స్నానశాలలు, జూదశాల కట్టించారు. కమ్యూనిస్టు ప్రభుత్వం కార్మికులను పంపడానికి కాంక్రీటు హోటళ్లు లేపింది. 1989 తర్వాత ప్రభుత్వ టికెట్లు తగ్గాయి, భవనాలు ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయి, చాలావాటికి తాళాలు పడ్డాయి. ఊట ఇప్పటికీ వేడిగానే పొంగుతుంది. పైకప్పు కూలిపోతున్న స్నానశాలను నిలబెట్టడానికి 2017 నుంచి యువ ఆర్కిటెక్టులు ప్రయత్నిస్తున్నారు. నీళ్లు ఆగకపోయినా ఊరు ఆగిపోగలదు. డబ్బు ఎవరు కడతారన్న ప్రశ్నకు జవాబు పోవడమే కారణం.

అనంతగిరిని ఈ మూడింటిలో దేని పక్కన పెట్టాలి? బీమా డబ్బు లేదు కాబట్టి విషీ కాదు. దావోస్ దారి ఎంచుకున్నట్టు కనిపిస్తోంది గానీ, మంచూ ఎత్తూ లేవు. ఉన్నదల్లా కోటికి పైగా జనం ఉన్న నగరం ఎనభై కిలోమీటర్ల లోపు ఉండటం. బలం అదే, ప్రమాదమూ అదే. 2020 మార్చిలో కోవిడ్ మొదలైనప్పుడు విదేశాల నుంచి వచ్చినవాళ్లను విడిగా ఉంచడానికి ప్రభుత్వం ఎంచుకున్న చోట్లలో ఇక్కడి పర్యాటక శాఖ రిసార్టు ఒకటి. ఊపిరితిత్తుల జబ్బు, నగరానికి దూరం, అడవి మధ్య గదులు: డెబ్బై ఏళ్ల నాటి ఆలోచనే ఇంకోసారి పనికొచ్చింది.

వెళ్లినవాళ్లకు కనిపించేది

మహబూబ్‌నగర్ నుంచి పరిగి మీదుగా రోడ్డు ఉంది. నల్లగొండ నుంచైతే హైదరాబాద్ దాటాల్సిందే. రైల్లో వికారాబాద్ దిగితే అనంతగిరి కొద్ది దూరమే, ఆటోలు దొరుకుతాయి. మలుపుల ఘాట్ రోడ్డు, పద్మనాభ స్వామి గుడి, లోయ కనిపించే వ్యూపాయింట్లు, అడవి బాటలు, బుగ్గ, కోట్‌పల్లి జలాశయంలో కయాకింగ్. చాలామంది చూసేది ఇంతే.

ఏ నెలలో వెళ్తారన్నది చాలా తేడా చేస్తుంది. ఇది ఆకురాల్చే అడవి. జూలై నుంచి నవంబరు దాకా పచ్చగా, ఊటలు నిండుగా ఉంటాయి. ఫిబ్రవరి దాటితే ఆకు రాలి, మార్చి ఏప్రిల్‌లో కొండ గోధుమ రంగుకు తిరుగుతుంది. ఎండుటాకులకు నిప్పు అంటుకునే కాలం కూడా అదే. వీడియోలో పచ్చదనం చూసి పిల్లల పరీక్షలయ్యాక మే నెలలో బయల్దేరిన కుటుంబానికి నిరాశ తప్పదు. కార్తీకంలో గుడి జాతర ఉంటుంది, అప్పుడు వెళ్లేవాళ్లు రద్దీకి సిద్ధపడి వెళ్లాలి.

శానటోరియం చరిత్ర చూద్దామని వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆస్పత్రి ఆవరణ చూడటానికి పెట్టిన మ్యూజియం కాదు. ఎకో టూరిజం పనుల్లో ఆ చరిత్ర చెప్పే చిన్న గది ఒకటి పెట్టినా, బోర్డులు నాటినా ఖర్చు పెద్దగా ఉండదు. క్షయ అంటే ఇంకా సిగ్గుపడే సమాజంలో దానికి ఉపయోగమూ ఉంటుంది. ప్రపంచ క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు.

పడక ఒకటే, లెక్క వేరు

శానటోరియం ఆర్థికానికీ రిసార్టు ఆర్థికానికీ పోలిక లేదు. శానటోరియంలో ఒక మంచం ఏడాదికి ఒకరిద్దరు రోగులకే సరిపోయేది, ఎందుకంటే వాళ్లు నెలల తరబడి ఉండేవాళ్లు. రిసార్టు గదిలో అతిథి ఒకటి రెండు రాత్రులు ఉంటాడు. గది బాగా నడిస్తే ఏడాదికి వంద దాటి కుటుంబాలు మారతాయి. అంటే వంద సార్లు కారు రావాలి, పోవాలి, వంద సార్లు దుప్పట్లు ఉతకాలి. దీర్ఘకాలం ఉండే రోగికి పాలు, కూరగాయలు చుట్టుపక్కల ఊళ్ల నుంచి రోజూ రావాలి. రెండు రోజుల అతిథికి చాలావరకు నగరం నుంచి వస్తాయి. స్థానికులకు మిగిలేది పార్కింగు, కాపలా, గదులు తుడిచే పని, దారిలో మొక్కజొన్న కంకులు, చాయ్. ఉద్యోగాల సంఖ్య చెప్పే ప్రకటనలు ఈ తేడా చెప్పవు.

నీళ్ల దగ్గర లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. మిషన్ భగీరథలో పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు లక్ష్యంగా పెట్టుకున్నారు. భారత ప్రమాణాల ప్రకారం ఐదు నక్షత్రాల హోటల్లో మనిషికి 320 లీటర్ల చొప్పున ఏర్పాటు ఉండాలి. నిష్పక్షపాతంగా చెప్పాలంటే అవే ప్రమాణాల్లో ఆస్పత్రి పడకకు అంతకన్నా ఎక్కువే ఉంది. కాబట్టి మనిషి వాడకం ఒక్కటే సమస్య కాదు. స్పా గదులు, ఈత కొలనులు, పచ్చిక బయళ్లు దీనికి అదనం. వాటికి గిరాకీ ఎక్కువగా ఉండే వేసవిలోనే లాటరైట్‌లో నిల్వ ఉన్న నీరు అడుగంటుతుంది. పై పొరలో నీరు ఉన్నంతవరకే ఊట బతుకుతుంది. రిసార్టులతో పాటు ఫామ్‌హౌస్ ప్లాట్లలోనూ బోర్లు పెరిగితే ముందు ఎండేది ఊటే. బోరును ఇంకో వంద అడుగులు దింపుకోవచ్చు, ఊటను దింపుకోలేం.

కొండకు రెండు వైపులా దిగువ

అనంతగిరి వాన నీళ్లను రెండు వైపులా విడదీసే గట్టు లాంటిది. తూర్పు వాలున పడ్డ చుక్క మూసీలోకి వెళ్లి, గండిపేట దాటి, హైదరాబాద్ మురుగుతో కలిసి, సూర్యాపేట దగ్గరి మూసీ ప్రాజెక్టు మీదుగా దాదాపు 240 కిలోమీటర్లు నడిచి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమటి వాలున పడ్డది కాగ్నాలోకి, కాగ్నా నుంచి భీమాలోకి వెళ్లి, నారాయణపేట జిల్లా తంగడి దగ్గర పాలమూరు గడప ముందే కృష్ణలో కలుస్తుంది. కొండ మీద ఏం జరిగినా లెక్క ప్రకారం రెండు పాత జిల్లాలకూ చేరుతుంది.

దారిలో నగరం చేసే నష్టం ముందు కొండ మీది రిసార్టుల మురుగు సముద్రంలో చుక్క అని వాదించవచ్చు. పరిమాణంలో అది నిజమే. కానీ మూసీ ప్రక్షాళనకు భారీగా ఖర్చు పెడతామంటున్న రాష్ట్రంలో, ఆ నదికి ఇంకా శుభ్రంగా మిగిలిన కొన్ని కిలోమీటర్లు పుట్టుక దగ్గరివే. వాటిని కాపాడటానికి అయ్యే ఖర్చు, పాడైన తర్వాత బాగు చేయడానికయ్యే ఖర్చులో పిసరంత.

దామగుండం వివాదం కూడా ఈ నేపథ్యంలోనే వేడెక్కింది. పూడూరు మండలంలోని ఆ అడవిలో సుమారు 2,900 ఎకరాల్లో నౌకాదళం జలాంతర్గాములతో సంకేతాలు నడిపే రేడియో కేంద్రం కడుతోంది. 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. ఇలాంటి కేంద్రం దేశంలో ఇప్పటికే తిరునెల్వేలిలో ఒకటి ఉంది. రక్షణ అవసరాన్ని, అడవి నష్టాన్ని తూచడం వేరే వ్యాసానికి సరిపోయే విషయం. ఇక్కడికి సంబంధించింది ఒక్కటే. ఒకే నీటి పరీవాహకంలో నౌకాదళ కేంద్రం, వెల్‌నెస్ రిసార్టు, ఎకో టూరిజం, ఫామ్‌హౌస్ వెంచర్లు వేర్వేరు ఫైళ్లలో అనుమతులు పొందుతున్నాయి. కొండకు మాత్రం అవన్నీ ఒకేసారి తగులుతాయి.

రాబోయే రోజుల్లో ఈ ఒత్తిడి పాలమూరు వైపు నుంచి కూడా పెరగొచ్చు. 2016లో జిల్లాల విభజనతో కొడంగల్, బొంరాస్‌పేట, దౌల్తాబాద్ మండలాలు మహబూబ్‌నగర్ నుంచి వికారాబాద్ జిల్లాలోకి వెళ్లాయి. పరిగి, కొడంగల్, నారాయణపేట, మక్తల్ మీదుగా వికారాబాద్ నుంచి కృష్ణా స్టేషన్ దాకా రైలు మార్గం ప్రతిపాదన ఎన్నో ఏళ్లుగా ఉంది. అది పూర్తయితే కృష్ణా వైపు సరిహద్దు నుంచి వికారాబాద్‌కు నేరుగా రైలు ఉంటుంది. 1874 నాటి రైలు ఆ కొండకు రోగులను తెచ్చిపెట్టినట్టే, ఈ రైలు వారాంతపు జనాన్ని తెచ్చిపెడుతుంది.

నల్లమలలో ఇలాంటి ఒత్తిడిని ఎలా ఆపారన్నది పనికొచ్చే పోలిక. మన్ననూరు, దోమలపెంట మధ్య శ్రీశైలం రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసే ఉంటుంది. ఫరహాబాద్‌లో సఫారీ అటవీ శాఖ వాహనాల్లోనే, పరిమితంగా నడుస్తుంది. పులుల అభయారణ్యం చట్టం చేతిలో ఉండబట్టే ఇవి సాధ్యమయ్యాయి. అనంతగిరికి ఆ రక్షణ లేదు. అక్కడ హద్దు పెట్టాలంటే జిల్లా యంత్రాంగం, అటవీ శాఖ, భూగర్భ జల శాఖ కలిసి కూర్చోవాలి. ముందుగా తేల్చాల్సినవి మూడు: కొండ మీద, దాని వాలుల్లో ఇప్పటికి ఎన్ని బోర్లు ఉన్నాయి, ఏప్రిల్, మే నెలల్లో బుగ్గ దగ్గర ఊట ఎంత వస్తోంది, కొత్త గదుల మురుగు శుద్ధయ్యాక ఏ వాలుకు వదులుతారు. వెల్‌నెస్ రిసార్ట్ సమగ్ర నివేదిక బయటికొచ్చినప్పుడు గదుల సంఖ్య, పెట్టుబడి కంటే ముందు చూడాల్సిన పేజీలు ఇవే.